మా టెక్కలి రాళ్లు చిన్న రైలెక్కిన కథ

టెక్కలి దగ్గర మాకు చిన్న గ్రానైట్ యూనిట్ ఉంది. కోత, పాలిష్ నాన్న చూసుకుంటారు. కాగితాల పని నాది. మా కొండల్లో దొరికే నీలి రాయిని బయట దేశాల్లో వైజాగ్ బ్లూ అంటారు. అమెరికాలో దాంతో సమాధి రాళ్లు చేయించుకుంటారు. మా సరుకు కొనే ఆయన వెర్మాంట్ రాష్ట్రంలో, బ్యారీ అనే ఊరి దగ్గర ఉంటారు. బ్యారీ కూడా గ్రానైట్ ఊరే, కాకపోతే అక్కడి రాయి బూడిద రంగు. నీలం కావాలంటే మన వైపు చూడాల్సిందే. ఈ మాట నాన్న యూనిట్‌కి ఎవరొచ్చినా చెప్తారు.

2024 డిసెంబరు మొదటి వారంలో ఇరవై అడుగుల కంటైనరు ఒకటి పంపాం. అందులో ఇంకా బరువు పడుతుంది గానీ, అమెరికా రోడ్ల మీద లారీతో కలిపి మొత్తం 36 టన్నులు దాటకూడదు. అందుకే రాయిని 19 టన్నుల దగ్గర ఆపేస్తాం. విశాఖలో ఓడెక్కి, కొలంబోలో ఒకసారి, జిబ్రాల్టర్ దగ్గర మరోసారి ఓడ మారి న్యూయార్క్ చేరాలి. ఎర్ర సముద్రంలో దాడుల భయంతో చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్న రోజులవి. దారి పొడుగు కాబట్టి జనవరి మూడో వారం దాటుతుందని ముందే అనుకున్నాం.

అసలు భయం వేరే ఉంది. అక్టోబరు 1న అమెరికా తూర్పు తీరం, ఆ దేశానికే దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరం రేవుల్లో కార్మికులు సమ్మెకు దిగారు. 1977 తర్వాత ఆ తీరం మొత్తం ఆగిపోవడం అదే మొదటిసారి. ఆరేళ్లలో 62 శాతం జీతం పెంచుతామన్నాక 3వ తేదీ రాత్రికి పనిలోకి వచ్చారు. కానీ మనుషుల బదులు యంత్రాలు పెట్టే విషయం తేలలేదు. దానికి 2025 జనవరి 15 దాకా గడువు పెట్టుకున్నారు. మాకది కనుమ రోజు. అక్టోబరులో సమ్మె మూడు రోజులే అయినా, మేం అంతకుముందు పంపిన కంటైనరు బయటికి రావడానికి అంతకు ఎన్నో రెట్ల రోజులు పట్టింది. రేవు ఒకరోజు మూస్తే వెనకాల ఓడలు బారులు తీరతాయి. క్రేన్ నడిపే మనిషి, రేపు ఆ క్రేన్ తనంతట తనే నడిస్తే నా గతేంటి అని అడగడంలో తప్పేముంది? మా యూనిట్‌లో కొత్త కటింగ్ మెషిన్ పెట్టినప్పుడు నలుగురు పనివాళ్లు నాన్నని అడిగింది కూడా అదే.

డిసెంబరు 27న వెర్మాంట్ నుంచి మెయిల్ వచ్చింది. "న్యూయార్క్ వద్దు. కెనడాలో సెయింట్ జాన్ రేవులో దించి, రైల్లో మాంట్రియల్ తెప్పించండి. అక్కణ్నుంచి లారీ నేను పెట్టుకుంటాను" అని. నేరుగా మాంట్రియల్ రేవుకే ఎందుకు పంపకూడదని అడిగాను. నవంబరులో అక్కడా యాజమాన్యం కార్మికులను బయట పెట్టి గేట్లు మూసిందట, ప్రభుత్వం కలగజేసుకుంటే గానీ తెరుచుకోలేదట. దాంతో ఆయనకు ఆ రేవు మీద నమ్మకం పోయింది.

దారిలో ఉన్న సరుకుకి దిగే రేవు మార్చడాన్ని షిప్పింగ్ వాళ్లు సీఓడీ అంటారు. విశాఖలో మా సరుకు పంపే ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్‌కి ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది ఒకటే. "అమ్మా, ఒరిజినల్ బీఎల్‌లు ఎక్కడున్నాయి?"

బీఎల్ అంటే బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కినట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం. అది మూడు ఒరిజినల్స్‌గా వస్తుంది. ఆ మూడూ షిప్పింగ్ కంపెనీకి తిరిగి ఇస్తేనే రేవు మారుస్తారు. మేం డబ్బు బ్యాంకు ద్వారా తీసుకుంటాం కాబట్టి అవి బ్యాంకుకి వెళ్లిపోయాయి. అమెరికా బ్యాంకుకి చేరిపోయి ఉంటే ఇక నా చేతిలో ఏమీ ఉండేది కాదు. అదృష్టం కొద్దీ, చెక్క క్రేట్లకి పురుగు లేకుండా పొగ పెట్టారని చెప్పే ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్లో కంటైనరు నంబరు ఒక అంకె తప్పు పడింది. సరిచేసిన కాపీ కోసం ఆగడంతో కవరు శ్రీకాకుళం బ్రాంచిలోనే ఉండిపోయింది. ఆ తప్పుకి వారం ముందు ఆ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల మీద ఎంత అరిచానో నాకు గుర్తుంది.

30వ తేదీ సోమవారం పొద్దున్నే బస్సెక్కి బ్యాంకుకి వెళ్లాను. ఒకసారి తీసుకున్న డాక్యుమెంట్లు వెనక్కి ఇవ్వడం అక్కడ ఎవరూ చేసిన పని కాదు. కొనుగోలుదారు ఒప్పుకున్న మెయిల్, మా లెటర్‌హెడ్ మీద నాన్న సంతకం, కొత్త బీఎల్ రాగానే మళ్లీ వాళ్లకే ఇస్తానని హామీ, ఇవన్నీ పెట్టాక సాయంత్రం నాలుగున్నరకి కవరు చేతికొచ్చింది. మర్నాడు విశాఖలో మూడు ఒరిజినల్స్ వెనక సంతకాలు, స్టాంపులు వేసి ఇచ్చేశాను. జిబ్రాల్టర్ దగ్గర ఎలాగూ ఓడ మారుతుంది కాబట్టి సరే అన్నారు. నేరుగా న్యూయార్క్ వెళ్లే ఓడలో అడుగు వరసలో ఉంటే పైవన్నీ తీసి పెట్టే ఖర్చు కూడా మాదే అయ్యేది. జనవరి 2న ఖాయమైనట్టు మెయిల్ వచ్చింది. రేవు మార్చినందుకు ఛార్జీ, అదనపు కిరాయి వెర్మాంట్ ఆయనా మేమూ చెరి సగం పెట్టుకున్నాం.

ఆ రాత్రి నాన్న మ్యాపు తెరవమన్నారు. సెయింట్ జాన్ నుంచి బయల్దేరేది పెద్ద రైల్వే కాదు, న్యూ బ్రన్స్‌విక్ సదరన్ అనే చిన్న ప్రాంతీయ రైల్వే. పెద్ద కంపెనీ కెనడియన్ పసిఫిక్ గిట్టుబాటు కాదని ఆ లైను వదిలేస్తే, 1995లో అక్కడి వ్యాపార కుటుంబం ఇర్వింగ్ వాళ్లు నడపడం మొదలుపెట్టారు. సుమారు 300 కిలోమీటర్లు వాళ్ల చేతుల్లో నడిచి, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బ్రౌన్‌విల్ జంక్షన్ దగ్గర పెద్ద రైల్వేకి పెట్టెలు అప్పజెబుతారు. అక్కణ్నుంచి లాక్ మెగాంటిక్ మీదుగా మళ్లీ కెనడా. ఆ ఊరి పేరు చూసి ఆగిపోయాను. 2013 జులై 6న ముడిచమురు రైలు అదుపు తప్పి ఊరి మధ్యలో పేలి 47 మంది చనిపోయిన చోటు అది. అప్పుడు ఆ లైను నడిపిన చిన్న కంపెనీ దివాలా తీసింది. తర్వాత చేతులు మారి, 2020లో కెనడియన్ పసిఫిక్ దాన్ని మళ్లీ కొనుక్కుంది. అంటే మా రాళ్లు మెయిన్‌లో ఒకసారి, వెర్మాంట్‌లో ఒకసారి, రెండుసార్లు అమెరికాలో అడుగు పెట్టాలి.

"మన నౌపడా లైను లాంటిదే కదే" అన్నారు నాన్న. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్న రైలు మా టెక్కలి మీదుగానే వెళ్లేది. నాన్న చిన్నప్పుడు అందులోనే తిరిగారు. ఎవరికీ పట్టని అలాంటి లైన్లో రోజూ ఎవరో పట్టాలు చూసుకుంటూ, స్లీపర్లు మారుస్తూ ఉండబట్టే ఈ రోజు మా రాళ్లకో దారి దొరికింది. అది తలుచుకుంటే వాళ్లెవరో తెలియకపోయినా నాకు నిజంగా చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

పొద్దున్నే మా వడ్రంగి మేస్త్రీకి చెప్తే ఆయన ముఖం మారిపోయింది. "ఓడైతే పక్కకి ఊగుతాదమ్మా, రైలు ముందుకీ వెనక్కీ గుద్దుతాది. తలుపు వైపు అడ్డ చెక్కలు ఎన్ని ఏసినామో ఫొటోల్లో సూడు." లోడింగ్ రోజు ఫొటోలు తీశాం. ఫోన్లో పెద్దవి చేసి చూశాం. రెండు పక్కలా క్రేట్ల మధ్య దిమ్మెలు బిగించి ఉన్నాయి. తలుపు దగ్గర ఒక్కటే అడ్డ చెక్క, రెండు మేకులు. మేస్త్రీ ఆ ఫొటోనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. కంటైనరు అప్పటికి ఆఫ్రికా అవతల ఉంది.

జనవరి 8న ఇంకో కబురు. కార్మికులు, యాజమాన్యాలు ఒప్పందానికి వచ్చారు, 15న సమ్మె లేదు. నాన్న లెక్క వేసి, అనవసరంగా పోయిన డబ్బు ఇంత అని కాగితం మీద రాశారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. డిసెంబరు 27న మాకు తెలిసింది అక్టోబరు ఒక్కటే.

కనుమ రోజు ట్రాకింగ్‌లో కంటైనరు సెయింట్ జాన్ వెళ్లే ఓడలో ఉంది. నెలాఖరుకి రైలెక్కింది. మంచులో రెండు రోజులు ఎక్కడో ఆగింది. ఫిబ్రవరి రెండో వారంలో వెర్మాంట్ నుంచి తలుపు తెరిచిన ఫొటో వచ్చింది. తలుపు దగ్గరి అడ్డ చెక్క మధ్యకి విరిగి ఉంది. దాని వెనక క్రేటు జానెడు ముందుకి జరిగి, ఇనుప పట్టీ ఒకటి తెగింది. లోపల ఒక రాయి మూలలో గోరంత పెచ్చు ఊడింది. మిగతావన్నీ చెక్కుచెదరలేదు.

ఆ ఫొటో మేస్త్రీకి చూపించాను. మారు మాట్లాడకుండా షెడ్డులోకి వెళ్లి, తర్వాతి లోడు కోసం నాలుగంగుళాల దుంగలు కొలవడం మొదలుపెట్టాడు.