పరాయి దేశపు డ్యూటీలో ఒంటి మీది వెండి

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ తెల్లగా ఉన్న మెట్టెలు కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లిన రెండు నెలలకే నల్లబడితే ఇంటి నుంచి వినపడే మాటలు రెండు: వెండిలో కల్తీ ఉంది, లేదంటే ఒంట్లో వేడి చేసింది. ఎక్కువసార్లు రెండూ తప్పే. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పల్చటి పొర కడుతుంది. తేమ ఉంటే ఆ పని తొందరగా సాగుతుంది. అందుకే దుబాయ్, దోహా లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఆగస్టు ఉక్కపోతకు వెండి త్వరగా మాసిపోతుంది, రియాద్ పొడి గాలిలో కొంత నిదానంగా. అయినా ఊరి కంటే చేసే పనే దాన్ని ఎక్కువగా పాడుచేస్తుంది.

ఇళ్లల్లో, హోటళ్లలో క్లీనింగ్ పని చేసేవాళ్లకు మొదటి శత్రువు బ్లీచ్. అది తగిలితే వెండి మీద సిల్వర్ క్లోరైడ్ ఏర్పడి, వెలుతురు తగిలేకొద్దీ బూడిద, ఊదా రంగుకు తిరుగుతుంది. చేత్తో తడిమితే గరుకుగా ఉంటుంది. మామూలు నలుపైతే ముందు పసుపు, తర్వాత గోధుమ, చివరికి నీలం కలిసిన నలుపుగా మారుతుంది, నున్నగానే ఉంటుంది. ఈ తేడా చూడకుండా తోమడం మొదలుపెట్టకండి. నున్నటి నలుపు ఇంట్లోనే పోతుంది. బ్లీచ్ గరుకు పూర్తిగా పోవాలంటే చాలావరకు మెరుగు మిషనే దిక్కు. బాత్రూం కడిగే ముందు ఉంగరం, కడియం తీసి ఎండు జిప్ కవర్‌లో వేసుకోవడమే మేలు. గ్లౌజులు వేసుకున్నాం కదా అనుకోవద్దు. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు కాబట్టి, గ్లౌజు లోపల చెమటతో నానే ఉంగరం ఇంకా తొందరగా నల్లబడుతుంది. రబ్బరు బ్యాండుతో చుట్టి దాచిన గొలుసు మీద సరిగ్గా బ్యాండు ఉన్నచోటే నల్ల గీత పడేది కూడా అందుకే.

వేలి మీద ఆకుపచ్చ మరక వస్తే భయపడక్కర్లేదు. అది వెండిలో కలిపిన రాగిది, సబ్బుతో పోతుంది. 925 వెండిలో వెయ్యికి 75 పాళ్లు ఇతర లోహం, మామూలుగా రాగే. పట్టగొలుసుల్లో చాలావాటిలో రాగి ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.

శుభ్రం చేయడం కన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. అన్ని లోహాల్లోకీ కరెంటును బాగా మోసేది వెండే. ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, గ్యారేజీల్లో పనిచేసేవాళ్లు డ్యూటీలో వెండి ఉంగరం, కడియం పెట్టుకోకూడదు. 12 వోల్టులే కదా అని బ్యాటరీ దగ్గర అలక్ష్యం చేస్తారు. కానీ ఉంగరం ఒక పక్క ప్లస్ టెర్మినల్‌కు, ఇంకో పక్క బండి బాడీకి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. మురుగునీటి ప్లాంట్లు, రిఫైనరీల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వల్ల వెండి చాలా తొందరగా నల్లబడుతుంది. అలాగని నల్లబడడాన్ని హెచ్చరికగా తీసుకుని ఆ వాయువును పసిగట్టే గ్యాస్ మీటర్‌ను వాడడం మానేశారో, ప్రాణం మీదికి వస్తుంది.

వారానికోసారి చేయాల్సిన పని పది నిమిషాలది. గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, నగలను ఐదు నిమిషాలు నానబెట్టి, చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో రుద్దండి. వేసవిలో గల్ఫ్‌లో నీళ్లు వేడిచేసే పని కూడా ఉండదు, కప్పు మీది ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. మెట్టె లోపలి వైపు, పట్టగొలుసు కొక్కెం, మువ్వల చీలికలు... జిడ్డు పేరుకునేది ఇక్కడే. తర్వాత బాగా కడిగి నూలు గుడ్డతో తుడిచి, అరగంట ఆరనివ్వండి. తడి మెట్టె మీద సాక్సు, దాని మీద సేఫ్టీ షూ వేసుకుని పన్నెండు గంటలు నిలబడితే వెండి సంగతి తర్వాత, ముందు వేలి సందు ఒరుస్తుంది.

ప్రతిసారీ మెట్టె నోరు విప్పి తీయకండి. వంచిన కొద్దీ వెండి గట్టిపడి, ఒకరోజు చుట్టు వెనకవైపు పుటుక్కున విరుగుతుంది. సబ్బు నురగ పెట్టి మెల్లగా తిప్పుతూ జార్చండి. సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి కాబట్టి, తీయాలంటే పొద్దున్నే తేలిక.

నలుపు బాగా పట్టినప్పుడు వంటసోడా, అల్యూమినియం ఫాయిల్ చాలు. గాజు గిన్నెలో కొత్త ఫాయిల్ ముక్క పరిచి, నగ దానికి ఆనేలా పెట్టాలి. ఆనకపోతే పని జరగదు. పెద్ద చెంచాడు వంటసోడా వేసి, గ్లాసుడు, అంటే సుమారు 250 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోయండి. ఐదు నుంచి పది నిమిషాలు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతోందని అర్థం: గంధకం అల్యూమినియం వైపు పోతుంది, వెండి వెండిగానే మిగులుతుంది. తోమితే నలుపుతో పాటు కాస్త వెండి కూడా పోతుంది, ఇందులో ఆ నష్టం లేదు. కిటికీ మాత్రం తెరిచి పెట్టండి, రూంలో ఇంకో ఐదుగురు ఉంటారు కదా.

రాళ్లు లక్కతో అతికిన నగలు, ముత్యం, పగడం, మీనా పని ఉన్నవి ఇందులో వేయకూడదు. వేడికి లక్క వదులై రాయి ఊడుతుంది. డిజైన్ సందుల్లో కావాలనే నలుపు పెట్టిన ఆక్సిడైజ్డ్ వెండి కూడా వద్దు, ఆ నలుపంతా పోయి బోడిగా కనిపిస్తుంది.

టూత్‌పేస్టు మీద మనవాళ్లకు ఎందుకంత నమ్మకమో తెలియదు. అందులోని పొడి సన్నటి గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. చింతపండు, నిమ్మకాయ ఇత్తడికి, రాగికి మంచివే కానీ వెండి నలుపు మీద పెద్దగా పనిచేయవు. షాపుల్లో దొరికే సిల్వర్ డిప్ అనే ద్రావణం అత్యవసరానికి పర్వాలేదు, పది సెకన్లు ముంచి తీసి ధారగా పారే నీళ్లలో కడగాలి. అందులో నానబెట్టారంటే వెండి పాలిపోతుంది.

సెలవుకు వచ్చినప్పుడు పత్థర్‌గట్టీలోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో మెరుగు పెట్టించేవాళ్లు నగ ఇచ్చే ముందు ఎదురుగా తూకం వేయించి రాయించుకోవాలి, తీసుకునేటప్పుడు మళ్లీ వేయించాలి. మురికి పోయినంత బరువు తగ్గడం మామూలే. అంతకు మించి తగ్గితే యాసిడ్‌లో ఎక్కువసేపు వేశారేమో అడగండి. కుంకుడుకాయ నీళ్లతో, ఇత్తడి బ్రష్‌తో కడగమంటే చాలామంది కాదనరు. కొక్కేలు, మర, అతుకులు అక్కడే చూపించి, సన్నబడిన చోట మాటు వేయించుకోండి. పరాయి దేశంలో ఈ చిన్న పనికి మనిషి దొరకడు, దొరికినా కూలి కన్నా టాక్సీ ఖర్చు ఎక్కువ.

కొత్తవి కొంటే డ్యూటీకి మువ్వలు, రాళ్లు లేని సాదా పట్టీ తీసుకుని, పనితనం ఉన్నవాటిని ఇంట్లో ఉంచండి. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హెచ్‌యుఐడితో, అంటే ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్‌తో, హాల్‌మార్క్ వచ్చింది. తప్పనిసరి కాదు కాబట్టి అడిగితేనే చూపిస్తారు. హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.