పడవకు ఇంత చోటు
విశాఖలో మా చిన్న తెరచాప పడవను అందుబాటు అద్దెకు నిలిపే చోటు వెతకడం, పడవ కొనడం కంటే కష్టమైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వల్ల మరపడవలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలిచే ఫిషింగ్ హార్బర్‌లో, సరదా పడవకు చోటడగడం సబబనిపించలేదు. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోట నీరు నెమ్మదే గాని, ఇసుక మేట వేస్తే పోటు కోసం కాచుకోవాలి. చివరికి అక్కడే ఒడ్డున, మత్స్యకారుల ఫైబర్ పడవల పక్కన, నెలకింత ఇచ్చే ఒప్పందం కుదిరింది. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలకను పైకి లాగేస్తే నలుగురం కలిసి పడవను ఇసుక మీదికి చేర్చగలం. ఉప్పుగాలికి పీచులు లేచే మోకును మాత్రం తరచూ మార్చాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవారెవరూ ఆ నెలలో పడవను లంగరు మీద వదలరు కనుక, తుపాను హెచ్చరిక వస్తే తెరచాప కొయ్య దించి పడవను ఊళ్లోకి చేర్చే కూలీని కూడా అద్దెలోనే కలిపి మాట్లాడుకున్నాం.