కూలర్ కనిపెడదామనుకుంటే చట్రం మిగిలింది

పోయిన వారం నా కూలర్ చట్రానికి పేటెంట్ దరఖాస్తు వేశాను. ఈ డైరీ ఇప్పుడు బయటికి రావడానికి కారణం అదే. పది నెలలుగా నోట్‌బుక్‌లో రాసుకుంటూనే ఉన్నా, ఎవరికీ చూపించలేదు. పేటెంట్ రావాలంటే కనిపెట్టిన సంగతి దరఖాస్తు నాటికి ఎక్కడా బయటపడి ఉండకూడదు. బయటపెట్టింది మనమే అయినా సరే, అది మనకే అడ్డొస్తుంది. అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టాక ఏడాదిలోపు వేసుకోవచ్చు. యూరప్‌లో ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఫొటోలు పెట్టి నలుగురి చేత శభాష్ అనిపించుకోవాలని చెయ్యి దురద పెట్టేది. ఆపుకున్నాను.

మొదటి నెల

కరెంటు ఇస్తే ఒక పక్క చల్లబడి ఇంకో పక్క వేడెక్కే పెల్టియర్ పలకతో మొదలుపెట్టి తప్పు చేశా. 12706 అనే మామూలు రకం: 4 సెంటీమీటర్ల చదరం, లోపల 127 అర్ధవాహక జతలు, 12 వోల్టులు. చల్లటి వైపు వేలు పెడితే జివ్వుమంటుంది, దాంతో మోసపోతాం. వేడి వైపున హీట్‌సింక్ పెట్టి, మొత్తం సెట్టునీ బల్ల మీదే ఉంచి రెండు గంటలు నడిపాను. గది అర డిగ్రీ వేడెక్కింది. వేడెక్కక ఏం చేస్తుంది? ఇటు లాగిన వేడి, దాన్ని లాగడానికి తిన్న కరెంటు, రెండూ కలిసి అటువైపు నుంచి మళ్లీ అదే గదిలోకి వస్తున్నాయి. వేడి వైపు గది బయట ఉంటే తప్ప దీంతో గది చల్లబడదు. చిన్న డబ్బాను చల్లబరచాలంటే మాత్రం బాగానే పనికొస్తుంది.

ఇక నీళ్ల దారే పట్టాను. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. అది గంటలో ఆవిరైతే సుమారు 670 వాట్ల చల్లదనం. ఫ్యాను, చిన్న పంపు కలిపి నాకయ్యే ఖర్చు 5 వాట్లు. ఈ లెక్క చూశాక పెల్టియర్ పలకను డ్రాయర్‌లో పడేశా.

రెండో నెల

ముందు మామూలు పద్ధతి: తడి ప్యాడ్, దాని వెనక 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను. ఎంత గాలి వస్తోందో కొలిచే పరికరం నా దగ్గర లేదు. 100 లీటర్ల చెత్త సంచిని గాలి లేకుండా అణిచి, దాని నోటిని ఫ్యాను మూతికి టేపు వేసి, నిండడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో చూశాను. ఐదుసార్లు చేస్తే సగటు 6 సెకన్లు. అంటే గంటకు 60 ఘనమీటర్లు. కొనాల్సిన పని లేని గాలిమీటరు ఇది.

ఉష్ణోగ్రత సెన్సర్లను నమ్మే ముందు గ్లాసులో మంచుముక్కలు చితక్కొట్టి, కొద్దిగా నీళ్లు పోసి, రెండు సెన్సర్లనూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ముంచాను. సున్నా చూపించాలి. ఒకటి 0.3, ఇంకోటి మైనస్ 0.5. ఆ తేడాలు కాగితం మీద రాసి డబ్బాకి అతికించా.

గదిలో 36 డిగ్రీలు, తేమ 40 శాతం ఉన్న రోజు కొలతలివి. ఆ గాలికి తడిబల్బు ఉష్ణోగ్రత 25.3. థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలి విసిరితే వచ్చే అంకె అది. తడి ప్యాడ్ ఎంత గొప్పదైనా గాలిని అంతకంటే కిందికి దించలేదు. అంటే దొరికే అవకాశం 10.7 డిగ్రీలు. ప్యాడ్ దాటిన గాలి 29.2 ఉంది. 6.8 డిగ్రీలు దిగింది కాబట్టి దొరికే అవకాశంలో 64 శాతం. గంటలో తగ్గిన నీళ్లు 190 మిల్లీలీటర్లు. నీటి లెక్కన సుమారు 130 వాట్లు, గాలి లెక్కన చూసినా అంతే. రెండు వైపుల నుంచి లెక్క కలిసేసరికి చిన్నప్పుడు ఆన్సర్ వెనక పేజీతో సరిపోయినంత ఆనందం వేసింది.

చిక్కల్లా తేమతోనే. కిటికీ మూసి గంటసేపు నడిపితే చల్లగానే ఉంటుంది, చొక్కా మాత్రం వీపుకి అంటుకుపోతుంది.

మూడు, నాలుగు నెలలు

తేమ గదిలోకి రాకూడదంటే తడి గాలి ఒక దారిలో, మనం పీల్చే పొడి గాలి ఇంకో దారిలో పోవాలి. మధ్యలో పల్చటి గోడ ఉండాలి. తడి వైపు నీరు ఆవిరై గోడ చల్లబడితే, గోడకు ఇటుపక్క పొడి గాలి చల్లబడుతుంది. తడి గాలిని గొట్టంతో కిటికీ బయటికి పంపేయాలి.

బోర్డులు రాయడానికి వాడే, లోపల సన్నటి గొట్టాలుండే 4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీట్లు తెచ్చాను. 14 షీట్లను నిలువుగా పేర్చి, మధ్యలో 4 మిల్లీమీటర్ల పట్టీలతో 13 సందులు వదిలాను. షీటు గొట్టాల్లోంచి పొడి గాలి, సందుల్లోంచి తడి గాలి. షీట్ల పైన కాటన్ గుడ్డ అతికించి, పైనుంచి చిల్లుల గొట్టంతో నీళ్లు వదిలాను. మూడు వారాల పని.

36 డిగ్రీల గాలి లోపలికి పంపితే 33.1 వచ్చింది. 27 శాతం! మామూలు ప్యాడ్‌లో సగం కూడా లేదు. ఎక్కడ తేడా కొట్టిందో తెలియక నాలుగు రోజులు ఫ్యాన్లే మార్చాను. చివరికి నీళ్లలో నీలం రంగు కలిపి పంపు ఆన్ చేసి, కింద నుంచి టార్చి వేసి చూస్తే సంగతి బయటపడింది. 13 సందుల్లో నీలం కనబడింది ఐదింటిలోనే. మిగతా వాటిలో నీరు ఒక అంచున సన్నటి ధారగా దిగిపోతోంది. గుడ్డ పొడిగా, హాయిగా ఉంది.

గుడ్డ నీళ్లెందుకు పీల్చలేదు? కొత్త కాటన్ మీద మైనం, గంజి లాంటి పూత ఉంటుంది. 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, కింది అంచు రంగు నీళ్లలో ముంచి వేలాడదీసి, పది నిమిషాల్లో రంగు ఎంత పైకి ఎక్కిందో స్కేలుతో చూశాను. కొత్త కాటన్ 3 సెంటీమీటర్లు. అదే గుడ్డను వాషింగ్ సోడాలో అరగంట ఉడకబెట్టి ఆరేశాక 9. ఇలాంటిది చేసేవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా గుడ్డను ముందు ఉడకబెట్టండి.

గుడ్డ మార్చాక ఒక సాయంత్రం పొడి గాలి వైపు సెన్సర్ 26.1 చూపించింది. 92 శాతం! మా ఆవిడని పిలిచి చూపించాను. ఆమె గాలికి చెయ్యి పెట్టి, "అంత చల్లగా ఏం లేదే" అంది. నాకు కోపం వచ్చింది. అంకె అబద్ధం చెబుతుందా? చెబుతుందట. అతుకులోంచి నీటి చుక్క ఒకటి కారి సెన్సర్ మీద కూర్చుంది. తడిసిన సెన్సర్ మీద గాలి వీస్తే అది తడిబల్బుకు దగ్గరి అంకెనే చూపిస్తుంది. నేను నా పరికరాన్ని కొలవలేదు, నీటి చుక్కను కొలిచాను. సెన్సర్ తుడిచి 15 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే అసలు అంకె వచ్చింది: 30.4, అంటే 52 శాతం. ఆమె చెయ్యే కరెక్టు.

52 అయినా నాకు సంతోషమే. గదిలో తేమ ఒక్క శాతం కూడా పెరగలేదు.

ఐదో నెల

ఈ పని మొదటి వారంలోనే చేయాల్సింది: పాత పేటెంట్ల వెతుకులాట. ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్, మూడూ ఉచితమే. మాటలతో వెతికితే సరిగా దొరకవు. మనం "కూలర్" అన్నదాన్ని వాళ్లు "గాలిని శుద్ధి చేయు సాధనం" అని రాసి ఉంటారు. ఏసీకి ఆద్యుడైన విల్లిస్ క్యారియర్ 1906లో అమెరికాలో పొందిన పేటెంట్ పేరు అలాంటిదే, ఆ పేరులో చల్లదనం ఊసే లేదు. అందుకని వర్గీకరణ గుర్తులతో వెతకాలి. ఆవిరితో చల్లబరిచే ఉష్ణవినిమయ సాధనాలకు ఎఫ్28డీ 5, గదుల గాలికి ఎఫ్24ఎఫ్, ఫ్రిజ్‌ల వంటివాటికి ఎఫ్25డీ, వంటింటి సామానుకు ఏ47జే, ఊడ్చి తుడిచేవాటికి ఏ47ఎల్. మన వస్తువుకు దగ్గరగా ఉన్న ఒక పేటెంట్ దొరికితే చాలు. దాని మీద ఉన్న గుర్తులు పట్టుకుని, అది ప్రస్తావించిన పాతవి, దాన్ని ప్రస్తావించిన కొత్తవి, రెండు వైపులా వెళ్లొచ్చు.

వెళ్లాను. తడి దారి, పొడి దారి పక్కపక్కన పెట్టడం ఎప్పుడో ఉంది. ప్లాస్టిక్ పలకలూ ఉన్నాయి. "పొడి దారిలో చల్లబడిన గాలిలో కొంత మళ్లించి తడి దారిలోకి పంపితే తడిబల్బు కంటే కిందికి దించొచ్చు కదా" అని ఒక రాత్రి నాకు తట్టింది. నిద్ర పట్టలేదు. పొద్దున చూస్తే దానికి పేరు కూడా ఉంది. దాన్ని కనిపెట్టిన వలేరి మైసోట్సెంకో పేరు మీద ఎం-సైకిల్ అంటారు. ఆ పద్ధతిలో హద్దు తడిబల్బు కాదు, మంచుబిందువు, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. నా 36 డిగ్రీల గాలికి అది 20.3.

రెండు రోజులు ఆ గదిలోకే వెళ్లలేదు.

తర్వాత గిన్నెలు కడిగే యంత్రం పేటెంట్లు చదువుతుంటే కొంచెం ఊపిరొచ్చింది. 1850లోనే జోయెల్ హౌటన్ చేత్తో తిప్పితే గిన్నెల మీద నీళ్లు చిమ్మే చెక్క యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అయినా జోసెఫిన్ కాక్రేన్‌కు 1886లో వచ్చింది. "గిన్నెలు కడిగే యంత్రం" అనే ఆలోచన ఆమెది కాదు. గిన్నెల్ని తీగల అరల్లో కదలకుండా నిలబెట్టడం, వాటి మీదికి నీటిని ఒత్తిడితో కొట్టడం ఆమెవి. నేను పెద్ద ఆలోచన పట్టుకుని వేలాడుతున్నాను. నా దగ్గర అరలు ఎక్కడున్నాయి?

ఆరు, ఏడు నెలలు

అరలు సున్నంలో దొరికాయి. ఆరు వారాలు నడిపాక మళ్లీ 27 శాతం దగ్గరికి జారింది. నీరు ఆవిరైపోతుంది, నీటిలోని సున్నం ఎక్కడికీ పోదు. గుడ్డ అప్పడంలా బిగుసుకుపోయింది. షీటుకు అతికించాను కాబట్టి ఊడబెరికితే షీటే చీలింది. మొత్తం పారేసి మళ్లీ కట్టాను. రెండోసారీ అదే గతి పడితే మళ్లీ మూడు వారాలు పోతాయి.

అందుకని గుడ్డను షీటుకు అతికించడం మానేశాను. దువ్వెనలాంటి పల్చటి ప్లాస్టిక్ చట్రం కోసి, పళ్లకు రెండు పక్కలా గుడ్డ బిగించాను. చట్రం మందం 3.6 మిల్లీమీటర్లు, సందు 4. సొరుగులా జారి లోపలికి వెళ్తుంది. తడిసి ఉబ్బితే గుడ్డే షీటు గోడకు ఒత్తుకుంటుంది. పీకాలంటే పంపు ఆపి ఆరనిస్తే చాలు, మళ్లీ వదులవుతుంది. చట్రం కింది అంచున నాలుకలా 12 మిల్లీమీటర్లు పొడిగించాను. మిగిలిన నీరు ఆ నాలుక మీదుగా తొట్టిలోకి దిగుతుంది, కాబట్టి అతుకుల్లోకి పోదు. 13 చట్రాలూ బయటికి తీసి, పల్చటి వెనిగర్ నీళ్లలో గంట నానబెట్టి, కడిగి తిరిగి పెట్టడానికి పట్టే శ్రమ పది నిమిషాలు. 50 శాతం తిరిగొచ్చింది.

ఇలా చేస్తున్నప్పుడు ఇదే అసలు సంగతని నాకు తట్టలేదు. శుభ్రం చేసుకోవడానికి చేసుకున్న ఏర్పాటు, అంతే.

ఎనిమిదో నెల, పక్కదారి

మా తమ్ముడు తలుపు సందులో ఇరికించి రబ్బరు బ్యాండ్లతో వ్యాయామం చేసుకునే బిళ్ల ఒకటి చేశాడు. చేత్తోనే ఎత్తు మార్చుకోవచ్చు. బాగుంది. వ్యాయామ సాధనాలు ఏ63బీ కింద వస్తాయి, సాగే బ్యాండ్లవి 21/055. ఒక్క సాయంత్రంలో వాడి బిళ్లకు దగ్గర చుట్టాలు పదకొండు దొరికాయి. వాటిలో గడువు తీరినవి, ఫీజు కట్టక వదిలేసినవి కూడా ఉన్నాయి. "అయితే వాటికి అడ్డులేదుగా" అన్నాడు. సగమే నిజం. చచ్చిన పేటెంటును చూసి చేసుకుని వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కొత్తదని మళ్లీ పేటెంట్ మాత్రం అడగలేం, ఎందుకంటే ఒకసారి అచ్చయింది ఎప్పటికీ పాతదే. వాడు తన బిళ్లను ఇంట్లో వాడుకుంటున్నాడు, కండలు వస్తున్నాయి.

తొమ్మిది, పది నెలలు

పేటెంట్ ఏజెంటు దగ్గరికి 14 పేజీలు పట్టుకెళ్లాను. నేను రాసుకున్న మొదటి క్లెయిమ్, అంటే దేని మీద హక్కు అడుగుతున్నానో చెప్పే వాక్యం: "నీటి ఆవిరితో గాలిని చల్లబరిచే పరికరం." ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. "ఇందులో మీరు ఏ భాగం తీసేస్తే మీ పరికరం పనికిరాకుండా పోతుంది?" అని అడిగారు. ఫ్యానన్నాను, పంపన్నాను. అవి అందరికీ ఉన్నవే అన్నారు. చివరికి వెనిగర్ కథ చెబితే పెన్ను తీశారు.

ఎనిమిది సార్లు తిరగరాశాక మిగిలింది ఇది: పలకల మధ్య సందుల్లోకి జారే చట్రం, తడిసినప్పుడు ఉబ్బి గోడకు ఒత్తుకుని ఆరితే వదులయ్యే గుడ్డ, నీటిని దించే నాలుక. మూడూ కలిసి ఉండాలి. దగ్గరగా వచ్చిన పాత పత్రం ఒకటి ఉంది. అందులో చట్రం ఉంది, జారుతుంది కూడా, కాని దాన్ని స్క్రూలతో బిగిస్తారు. ఉబ్బడం, వదులవడం అందులో లేవు. నాలుక ఎంత పొడవుండాలో మొదటి క్లెయిమ్‌లో రాస్తానంటే వద్దన్నారు. 12 అని రాస్తే 14 చేసినవాడు తప్పించుకుంటాడు. కొలతలు కింది క్లెయిముల్లోకి వెళ్లాయి.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. పేటెంట్ వచ్చినంత మాత్రాన నా కూలర్ నేను అమ్ముకునే హక్కు రాదు. నా చట్రాన్ని ఇతరులు చేయకుండా ఆపే హక్కే వస్తుంది. ఆ చట్రం దూరే పలకల దొంతర మీద వేరేవాళ్లకు బతికున్న పేటెంట్ ఉంటే వాళ్ల అనుమతి కావాలి. అది ఏ దేశానికి ఆ దేశం విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు 12 నెలల గడియారం నడుస్తోంది. ఈలోపు బయటి దేశాల్లో వేస్తే మొదటి తేదీయే లెక్కకు వస్తుంది, 1883 నాటి పారిస్ ఒప్పందం కింద ఉన్న ఏర్పాటిది. ఒకే దరఖాస్తుతో చాలా దేశాలకు దారి తెరిచి ఉంచే పీసీటీ ఒప్పందం దారిలో వెళ్తే ఏ దేశాలో తేల్చుకోవడానికి మామూలుగా మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా ఆగొచ్చు. ప్రపంచ పేటెంట్ అనేది మాత్రం లేదు, ఎవరైనా ఇప్పిస్తామంటే లేచి వచ్చేయండి.

ప్రస్తుతం బల్ల మీద: మూడో చట్రం, తొమ్మిదో చట్రం నాలుకలు నీళ్లను తొట్టిలోకి కాకుండా పక్క గోడకు పాకిస్తున్నాయి. నాలుక కొసను 45 డిగ్రీలు ఏటవాలుగా కోసి చూశాను, మూడోది ఆగింది. తొమ్మిదోది ఇంకా కారుతోంది. దాని కింద ఒక గిన్నె పెట్టాను.