మొదటి పాత వాచీ: హెచ్‌ఎంటీ జనతా వేటలో నేర్చుకున్నవి

వాచీ చేతికొచ్చింది. హెచ్‌ఎంటీ జనతా, తెల్ల డయల్, రోజూ కీ ఇచ్చేది. సర్వీసు కూడా అయిపోయింది కాబట్టి, ఇక్కడిదాకా ఎలా వచ్చానో వివరాలు మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

మొదట జపాన్ కంపెనీ సీకో చేసే సీకో 5 కొందామనుకున్నాను. దానిలో ఒక సౌకర్యం ఉంది: చాలావాటికి వెనక మూత మీద నాలుగంకెలు, గీత, మళ్ళీ నాలుగంకెలు ఉంటాయి. మొదటి నాలుగూ మిషను (లోపలి యంత్రం) నంబరు. డయల్ అడుగున కంటికి ఆనని అక్షరాల్లో ఉండే కోడ్‌లోనూ మొదటి నాలుగు అంకెలు అవే రావాలి. మూత మీద 7009, డయల్ మీద 6309 ఉంటే రెండు వాచీలు కలిపి ఒకటి చేశారని అర్థం. (గీత తర్వాత అంకెలు రెండుచోట్లా ఒకటే కాకపోయినా కంగారు పడక్కర్లేదు.) సీరియల్ నంబరులో మొదటి అంకె వాచీ తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి వేస్తారు. ఇన్ని ఆనవాళ్ళున్నా నాకు నచ్చినవాటిలో చాలావాటికి డయల్ మళ్ళీ పెయింటు వేసిందేనని తేలింది. అప్పుడు హెచ్‌ఎంటీ వైపు తిరిగాను. బెంగళూరులో ఉంటూ హెచ్‌ఎంటీతో మొదలుపెట్టకపోవడమే వింత. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది ఈ ఊళ్ళోనే. జనతాలో ఉండేది 17 జ్యువెల్స్ (రాపిడి తగ్గించే చిన్న రాళ్ళు) ఉన్న 0231 మిషను. అది తెలిసిన మెకానిక్‌లు, స్పేర్లు ఇక్కడ ఇంకా దొరుకుతాయి. మొదటి పాత వాచీకి ఇంతకన్నా భద్రమైన దారి లేదని నా అభిప్రాయం.

2014లో హెచ్‌ఎంటీ వాచెస్ మూతపడుతుందని వార్త వచ్చాక మోజు పెరిగింది. మోజుతోపాటు మేకప్పూ పెరిగింది. పాత మిషను, కొత్తగా అచ్చేసిన డయల్, వేరే కేసు, ఎక్కడివో ముళ్ళు. ఇవన్నీ బిగించి, డబ్బాలో పెట్టి, 'వాడని పాత స్టాకు' అంటారు. డబ్బాను అచ్చేయడం డయల్‌ను అచ్చేయడం కన్నా తేలిక, అందుకని డబ్బాకు నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను.

ఈ వేటలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినది, 'ఒరిజినలేనా?' అని అడగడం మానేయడం. ఆ ప్రశ్నకు ఎవరైనా 'ఒరిజినల్ సార్' అనే అంటారు. అబద్ధమని కూడా అనలేం, ఎందుకంటే లోపలి మిషను నిజంగానే హెచ్‌ఎంటీది. అందుకని విడివిడిగా అడగడం మొదలుపెట్టాను. డయల్ ఫ్యాక్టరీదా, మళ్ళీ వేశారా? ముళ్ళు దీనివేనా? అద్దం మార్చారా? కేసు పాలిష్ పట్టించారా? కీ ఎప్పుడు మార్చారు? చివరిసారి ఆయిలింగ్ ఎవరు చేశారు? ఈ ప్రశ్నలకు ఎలా జవాబిస్తారో చూస్తే అమ్మే మనిషి సంగతి సగం తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళు ఒక్కోదానికి ఒక్కో జవాబిస్తారు, తెలియని చోట తెలియదంటారు. 'మొత్తం ఓకే సార్, కళ్ళుమూసుకుని తీసుకోండి' అన్నవాళ్ళ దగ్గర నేను ఆగలేదు.

చిక్‌పేట వైపు ఆదివారం సంతలో హెచ్‌ఎంటీదే ఇంకో మోడల్, ఒక పైలట్ చూశాను. పైలట్ అంటే మనకు తెలిసింది నల్ల డయల్, తెల్ల అంకెలు. ఇది ముదురు నారింజ రంగు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి చూస్తే అంతా బయటపడింది. డయల్ మధ్య ముళ్ళ కోసం ఉండే రంధ్రం అంచున పెయింటు గడ్డకట్టి లోపలికి జారింది. నిమిషాల గీతలు గంటల గుర్తుల మధ్యకు రాకుండా కాస్త పక్కకు జరిగాయి, మూడు దగ్గర మరీ ఎక్కువగా. 'పైలట్' అన్న అక్షరాల చివర్లు కోసినట్టు ఉండాల్సింది, సిరా పీల్చిన కాగితం మీద రాసినట్టు మసకగా ఉన్నాయి. డయల్ కొత్తగా మెరుస్తుంటే ముళ్ళ మీది పూత మాత్రం తుప్పు మరకలతో ఉంది. ఒకే అద్దం కింద నలభై ఏళ్ళు కలిసున్నవి ఇంత తేడాగా ముసలివవ్వవు. అదే వరసలో మిలిటరీ గుర్తు వేసిన ఇంకొకటి ఉంది, 'ఆర్మీ వాచీ' అన్నారు. గుర్తు కింద పెయింటు కూడా అలాంటిదే.

అసలు డయల్ ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి కదా, అందుకు జాలహళ్ళిలోని హెచ్‌ఎంటీ హెరిటేజ్ మ్యూజియంకు వెళ్ళాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వాచీలను వరసగా చూశాక అక్షరాల మందం, లోగో కొలత, వాటి మధ్య ఖాళీ మనసులో నిలిచిపోతాయి. ఫోన్‌లో ఫోటోలు ఎన్ని చూసినా ఆ పట్టు రాలేదు. కొనాలనుకునేవాళ్ళు సంతకు వెళ్ళకముందే అక్కడికి వెళ్ళాలి.

ఇక మెకానిక్. అవెన్యూ రోడ్డు పక్క సందులో చిన్న బల్ల వేసుకుని కూర్చునే ఆయనది హిందూపురం. కొనబోయే వాచీ తెస్తాను, మూత తీసి చూపిస్తారా అని అడిగితే, "దుడ్డు ఇయ్యకముందే తీసుకురాప్పా, ఇచ్చినాక నేను చూసి ఏం లాభం?" అన్నాడు. ఆయన నేర్పిన పద్ధతి సులువైనది. కీ నెమ్మదిగా తిప్పాలి. చివరిదాకా ఒకే రకం బిగువు రావాలి, జారకూడదు, గరగరలాడకూడదు. కొద్దిగా తిప్పగానే సెకన్ల ముల్లు తనంతట తానే కదలాలి. "ఊపితే నడుస్తాదన్నా అంటారు చూడు, కీ ఇచ్చే వాచీకి ఊపేదేంది? లోపల ఆయిల్ జిడ్డు గట్టినట్టే" అన్నాడు. దాన్ని పనికిరాని వాచీ అని కొట్టిపారేయక్కర్లేదు, సర్వీసు ఖర్చు ధరలో తగ్గించి మాట్లాడాలి, అంతే. క్రోమ్ పూత వేసిన ఇత్తడి కేసైతే పట్టీ బిగించే కొమ్ముల వెనక వైపు చూడాలి, పూత లేచి పసుపు కనిపించేది అక్కడే. పట్టీ తీసి చూపించనంటే అనుమానించాలి.

ఆయన పద్ధతికి నేను కలుపుకున్నది ఫోన్ యాప్. వాచీ టిక్కులు మైకుతో విని, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో చెబుతుంది. 0231కి గంటకు 18,000 టిక్కులు అని పెట్టాలి. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, వాచీని మైకుకు ఆనించి చూస్తేనే లెక్క నిలకడగా వస్తుంది. ఒక వాచీ ఒక్కసారిగా నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే అయస్కాంతం పట్టిందేమో చూడాలి. అది నిమిషంలో తీసేయగలిగిన లోపం, దాన్ని చూసి మంచి వాచీ వదులుకోవద్దు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ విషయంలో నా నియమాలు తక్కువే. ఈరోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి, ముళ్ళు నేను చెప్పిన టైముకు తిప్పి ఫోటో పంపమంటాను. మూత తీసిన ఫోటో, డయల్ దగ్గరి ఫోటో, పట్టీ తీసిన ఫోటో అడుగుతాను. ప్రకటనలో పెట్టిన ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే ఒకే వాచీ రెండు ఊళ్ళలో ఇద్దరి పేర్లతో కనబడటం మామూలే. 'టోకెన్ వెయ్యి వేయండి, ఇంకొకరు లైన్లో ఉన్నారు' అన్న తొందరకు నేను జవాబివ్వను. రీఫండ్ పేరుతో క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటే సంభాషణ అక్కడితో సరి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నా జనతా అమ్మినాయన కర్నూలు నుంచి వచ్చి ఇక్కడే రిటైరయిన పెద్దాయన. నేను ప్రశ్నలు మొదలుపెట్టకముందే ఆయనే చెప్పారు: "అద్దం మార్పించాను బాబూ. సెకన్ల ముల్లు ఊడిపోతే వేరేది వేశారు, రంగు చూడు, కాస్త తేడాగా ఉంటుంది. డయల్ మాత్రం ముట్టుకోనివ్వలేదు." నాలుగు దగ్గర గోధుమరంగు చుక్కలున్నాయి, అవి కూడా ఆయనే చూపించారు. లోపాన్ని ముందుగా చెప్పే మనిషి, గ్యారంటీ ఇచ్చే మనిషి ఎదురుగా నిలబడితే నేను మొదటివారి దగ్గరే కొంటాను. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానంటే ఆయనా వెంట వచ్చారు. మూత తీస్తే 0231 అంకె శుభ్రంగా కనిపించింది, ఎక్కడా తుప్పు లేదు. మరలు ఒకటి రెండు గీసుకుపోయి ఉన్నాయి, ఎవరో మోటు చేత్తో విప్పినట్టుంది. బేరంలో 2,200కు తేలింది. ఇలాంటివి నేను చూసినచోట్ల 1,500 నుంచి 3,000 దాకా చెబుతున్నారు కాబట్టి ఎవరూ ముట్టుకోని డయల్‌కు ఇది సరైన ధరే.

సర్వీసులో మిషను బయటికి తీసినప్పుడు డయల్ వెనక చూడమని మెకానిక్‌కు చెప్పాను. దాన్ని పట్టి ఉంచే రెండు చిన్న కాళ్ళూ గట్టిగా ఉన్నాయి, జిగురు జాడ లేదు. మళ్ళీ పెయింటు చేసిన డయల్స్‌లో ఈ కాళ్ళు విరిగి అంటించినవి కనిపిస్తుంటాయని ఆయనే చెప్పాడు. కీ ఉండే ఇరుసు అరిగితే మార్చాడు. ఇప్పుడు రోజుకు పదిహేను సెకన్లు ముందుకెళ్తోంది, డయల్ పైకి పెట్టి ఉంచితే ఇంకా తక్కువ. ఈ వయసు వాచీకి ముప్పై సెకన్ల లోపు నాకు చాలు. పొద్దున పళ్ళు తోముకున్నాక కీ ఇస్తున్నాను. నీళ్ళ దగ్గర, వానలో తీసేస్తున్నాను. 18 మిల్లీమీటర్ల నల్ల తోలు పట్టీ వేశాను.

సరిపోయే పాత సెకన్ల ముల్లు దొరికితే పక్కన పెట్టమని మెకానిక్‌కు చెప్పాను. తర్వాతి వంతు హైదరాబాద్ ఆల్విన్, సీకో సహకారంతో మనవాళ్ళు చేసినది. దానికి జాలహళ్ళి లాంటి చోటు నాకు దొరకలేదు. అందుకని చుట్టాల్లో ఎవరి బీరువాలో ఆల్విన్ ఉందన్నా డయల్ దగ్గరి ఫోటో, వెనక మూత ఫోటో అడిగి ఒక ఫోల్డర్లో దాస్తున్నాను. కనీసం పాతిక డయల్స్ పోల్చి చూశాకే బేరానికి దిగుతాను.