రాత్రి రెండింటి దాకా ఒకే పాట

నిన్న రాత్రి స్నేహితులం నలుగురం కూర్చుని 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్' అనే ఇంగ్లీషు పాట వెర్షన్లు, ఏది బాగుందో వాదించుకుంటూ, వరసపెట్టి విన్నాం. 1967లో ఆ పాట రాసిన అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాడింది రెండున్నర నిమిషాలే. గిటార్, హార్మోనికా, వెనక బేస్, డ్రమ్స్, అంతే. ఏదో చెడు కబురు నెమ్మదిగా చెబుతున్నట్టు ఉంటుంది.

మరుసటి ఏడాది గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చేతిలో అదే పాట తుఫానైపోయింది. మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చే ఆ సోలో ఉంది చూశారూ, ఒకచోట తీగల మీద స్లైడ్ (వేళ్లకు బదులు జరిపే నున్నటి గట్టి వస్తువు) జారుతుంటే గిటార్ ఏడుస్తున్నట్టే ఉంటుంది. వెంటనే కాలితో తొక్కుతూ శబ్దాన్ని 'వా-వా' అనిపించే వా-వా పెడల్‌తో మాట్లాడటం మొదలుపెడుతుంది. అక్కడికి రాగానే వాదన ఆపేసి అందరం మౌనంగా ఉండిపోయాం. ఐరిష్ బ్యాండ్ యూ2 1988లో విడుదల చేసిన లైవ్ వెర్షన్ నాకు అంతగా ఎక్కలేదు.

తర్వాత కచేరీల్లో డిలనే హెండ్రిక్స్ బాణీకి దగ్గరగా వాయించాడు. అయినా నా ఓటు 1967కే. ఆ హార్మోనికా ఇంకా చెవుల్లోనే ఉంది.