హయ్యర్ పెన్షన్‌కి ఊఁ అనే ముందు

మా ఫ్యాక్టరీలో నా పీఎఫ్ మొదటినుంచీ పూర్తి బేసిక్ మీదే కట్ అయ్యేది. పెన్షన్ ఖాతాకి మాత్రం చిల్లరే వెళ్లేది. పాస్‌బుక్‌లో పెన్షన్ గడి చూడండి: ముందు 417, తర్వాత 541, 2014 సెప్టెంబరు నుంచి 1,250. పెన్షన్ లెక్కకి పెట్టిన జీతం పరిమితి 5,000, 6,500, 15,000గా మారినప్పుడల్లా అందులో 8.33 శాతం అన్నమాట. నా జీతం ఎంత పెరిగినా ఆ గడికి పట్టలేదు.

2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, అసలు జీతం మీద పెన్షన్ కావాలనుకునేవాళ్లు జాయింట్ ఆప్షన్ (ఉద్యోగీ, యాజమాన్యమూ కలిసి ఇచ్చే అంగీకారం) పెట్టుకోవచ్చన్నారు. గడువు పొడిగిస్తూ పోయి 2023 జూలై 11 దగ్గర ఆపారు. ఆన్‌లైన్ ఫారం పెద్ద పనేం కాదు. పరిమితికి మించి పీఎఫ్ కట్టడానికి అప్పట్లో పీఎఫ్ స్కీము 26(6) పేరా కింద తీసుకున్న అనుమతి ఏదీ అన్నారు పీఎఫ్ ఆఫీసువాళ్లు, అక్కడే టెన్షన్. అలాంటి కాగితం ఒకటుంటుందని మాలో చాలామందికి తెలీనే తెలీదు. జీతం స్లిప్పుల్లాంటి వేరే రుజువులు కూడా చూస్తామన్నాక ఊపిరి పీల్చుకున్నాం.

ఇక కంపెనీ వంతు. 1995 నుంచి నెలనెలా జీతం వివరాలు ఎక్కించాలి. పాత 3ఏ ఫారాలు (ఒక్కో ఉద్యోగి ఏడాది పీఎఫ్ లెక్కల కాగితాలు) స్టోర్ రూమ్‌లో ఎర్రగుడ్డ మూటల్లో దొరికాయి, అంచులు చెదలు తినేసి. అకౌంట్స్ కుర్రాడు ఫోన్ టార్చ్ వేసి అంకెలు చదువుతుంటే నేను రాసుకున్నాను. యాజమాన్యాలకి గడువు 2025 జనవరి 31 దాకా పెంచబట్టి సరిపోయింది.

అసలు తర్జనభర్జన ఇంట్లో. ఇన్నేళ్ల తేడా వడ్డీతో కలిపి నా పీఎఫ్‌లోంచి పెన్షన్ నిధికి మళ్లుతుంది, మళ్లీ వెనక్కి రాదు.

"రేపు మీకేమైనా అయితే నాకేంటండీ?" అంది మా ఆవిడ.

"నీకు సగం పెన్షన్ వస్తుంది. నిధికి వెళ్లిన ఆ సొమ్ము మాత్రం పిల్లలకి రాదు."

రిటైరైతే కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఇద్దరికీ బీపీ మాత్రలే. చేతిలో డబ్బు లేకుండా ఆసుపత్రి మెట్లెక్కడం నాకు ఇష్టం లేదు. అందుకే ఉద్యోగంలో ఉండగానే విడిగా హెల్త్ పాలసీ తీసుకున్నాను, బీపీకి వెయిటింగ్ పీరియడ్ (ముందే ఉన్న జబ్బుకి పాలసీ వర్తించేదాకా ఆగాల్సిన కాలం) అప్పుడే మొదలైపోవాలని. ఆ ధైర్యంతోనే ఆ తేడా ఇంత అని పీఎఫ్ ఆఫీసు పంపిన డిమాండ్ నోటీసుకి సమ్మతి ఇచ్చాను. పిల్లలు చిన్నవాళ్లయితే ఇవ్వకపోదును.

పెన్షన్ లెక్క చివరి 60 నెలల జీతం సగటు మీద, సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుని విడిగా లెక్కిస్తారట. పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) చేతికొచ్చాక కాలిక్యులేటర్ పట్టుకుని సరిచూస్తాను.