హార్వెస్టర్ ఏసీ: గ్యాస్ కాదన్నా, దుమ్ము

యాసంగి కోతలు మొదలైతే చాలు నాకు ఫోన్లే ఫోన్లు, అందరిదీ ఒకటే మాట: "అన్నా, మిషన్ల ఏసీ వస్తలేదు, గ్యాస్ కొట్టాలె, ఎప్పుడొస్తవ్?" సరే అని పోయి ప్రెషర్ చూసే గేజ్‌లు పెట్టి చూస్తే చాలాసార్లు గ్యాస్ నిండుగానే ఉంటుంది. అసలు ఏసీ గ్యాస్ డీజిల్ లాగా వాడితే అయిపోయేది కాదు, అదే గ్యాస్ లోపల గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడన్నా లీకైతేనే తగ్గుతుంది. ఇది ఓనర్లకి ఎంత చెప్పినా ఎక్కట్లేదు, అందుకే ఒకసారి రాసి పెడితే లింక్ పంపొచ్చు కదా అని కూర్చున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తా, ఇది కారైనా ట్రాక్టరైనా జేసీబీ అయినా ఒకటే. ఇంజిన్ బెల్ట్‌తో కంప్రెసర్ తిరుగుతుంది, అది గ్యాస్‌ని గట్టిగా నొక్కుతుంది, నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడి గ్యాస్ సన్న రేకుల జాలీలా ఉండే కండెన్సర్‌లోకి పోయి బయట గాలికి వేడి వదిలేసి నీళ్లలా మారుతుంది. అక్కడి నుంచి తేమని పీల్చే డ్రయ్యర్ దాటి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న రంధ్రంలోంచి బయటపడగానే ప్రెషర్ పడిపోతుంది, పడిపోగానే కూలింగ్ కాయిల్‌లో మరిగి మళ్లీ గ్యాస్ అవుతుంది, మరగడానికి కావాల్సిన వేడిని క్యాబిన్ గాలిలోంచే లాక్కుంటుంది. ఈ ఏసీల్లో వాడే ఆర్‌134ఏ గ్యాస్ మామూలు గాలి ప్రెషర్‌లో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది మరి. అంటే ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని మోసుకెళ్లి బయట పడేస్తుంది అంతే. బయట పడేసే దారి మూసుకుపోతే లోపల చల్లబడేది ఎట్లా?

ఇక్కడే పొలంలో మిషన్‌కీ రోడ్డు మీద కారుకీ తేడా. కారు ఎనభైలో పోతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. హార్వెస్టర్ పొలంలో మనిషి నడిచినంత స్పీడ్‌లో పోతుంది, ఎదురుగాలి అనేదే ఉండదు, మొత్తం ఫ్యాన్ మీదే భారం. ఆ ఫ్యాన్ పీల్చేది ఏ గాలి? వడ్లు కోస్తుంటే లేచే దుమ్ము, తాలు, నూగు, గడ్డి తుక్కు, అన్నీ కలిసిన గాలి. పొద్దున శుభ్రంగా ఉన్న కండెన్సర్ మధ్యాహ్నానికి దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. క్యాబిన్ చూస్తే చుట్టూ అద్దాలే, ఎండంతా లోపలే, పక్కనే ఇంజిన్ వేడి. కార్ ఏసీతో దీన్ని పోల్చడమే అన్యాయం.

గేజ్‌లో ఇది ఎట్లా కనపడుతుందంటే, 45 డిగ్రీల ఎండలో కండెన్సర్ బాగుంటే హై సైడ్, అంటే కంప్రెసర్ నొక్కి పంపే వైపు, 250 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అటూ ఇటూ ఉంటుంది, లో సైడ్, అంటే కూలింగ్ కాయిల్ వైపు, 30 నుంచి 40. కండెన్సర్ మూసుకుపోతే హై సైడ్ 300 దాటి పైకి పోతూనే ఉంటుంది, ఒక లెవెల్ దాటాక ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని బెల్ట్‌కి కలిపే క్లచ్‌ని కట్ చేస్తుంది, కాసేపటికి ప్రెషర్ దిగితే మళ్లీ కలుపుతుంది. డ్రైవర్‌కి మాత్రం "ఏసీ వచ్చి పోతుంది" అనిపిస్తుంది. ఇప్పుడు ఎవరో వచ్చి ఇంకో డబ్బా గ్యాస్ ఎక్కిస్తే ఏమవుతుంది, ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, కూలింగ్ ఇంకా పోతుంది, పైగా కంప్రెసర్ మీద లోడ్. గ్యాస్ ఎంత పట్టాలో మిషన్ మీద స్టిక్కర్‌లో గ్రాముల్లో రాసి ఉంటుంది, తూకం వేసి ఎక్కించాలి కానీ పైపు పట్టుకుని చల్లగా ఉందిలే అనుకుంటూ ఎక్కించడం నాకు నచ్చదు.

క్లీనింగ్ అంటే ఇంకో గొడవ. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి ఫుల్ ప్రెషర్‌తో కొడతారు, కండెన్సర్ రేకులు వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇక గాలి ఎక్కడిది. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫ్యాన్ వైపు నుంచి బయటికి, అంటే గాలి లోపలికి వచ్చే దిక్కుకి ఎదురుగా, తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టాలి. బయటి నుంచి కొడితే తుక్కు ఇంకా లోపలికే పోతుంది. కోతల టైంలో ఇది రోజూ చేసే పనే, గ్రీజు కొట్టినట్టు.

క్యాబిన్ సంగతి కూడా చెప్పాలి. బ్లోయర్ బయటి గాలిని కొంచెం ఫిల్టర్ చేసి లోపలికి తోస్తుంటే క్యాబిన్‌లో ప్రెషర్ బయటకంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అందుకే సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు, లోపలి గాలే బయటికి పోతుంది. కానీ మనోళ్లు కింద ఉన్నోళ్లతో మాట్లాడాలని అద్దం తీసి పెడతారు, ఫిల్టర్ నిండిపోయిందని పీకి పారేస్తారు, దాంతో దుమ్మంతా నేరుగా తడి కాయిల్ మీద పడి ముద్ద కట్టి, డ్రెయిన్ పైపు కూడా మూసుకుపోయి నీళ్లు డ్రైవర్ కాళ్ల మీద కారతాయి. మా దగ్గర ఏప్రిల్ గాలి పొడి కాబట్టి నీళ్లు తక్కువే. అదే గోదావరి జిల్లాల్లో ఎండ మా అంత లేకపోయినా గాలిలో తేమ ఎక్కువ, ఏసీ శక్తిలో పెద్ద వాటా ఆ తేమని నీళ్లు చేయడానికే పోతుంది. ఇక్కడ కండెన్సర్‌కి పరీక్ష, అక్కడ కూలింగ్ కాయిల్‌కి.

మరి గ్యాస్ నిజంగా తగ్గదా అంటే, తగ్గుతుంది. ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసర్ పూర్తిగా సీల్ చేసిన డబ్బా, ఇది బెల్ట్‌తో తిరిగేది కాబట్టి షాఫ్ట్ బయటికి రావాలి, అక్కడ ఒక సీల్, పైగా మిషన్ వణుకుడికి రబ్బర్ గొట్టాలు, జాయింట్లు, ఓ-రింగులు. దుమ్ము చేసే మేలు ఒక్కటుంది: గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కదా, లీకైన చోట ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని నల్లగా జిడ్డుగా కనపడుతుంది, చాలా లీకులు కంటితోనే దొరుకుతాయి. సీజన్ అయ్యాక నెలల తరబడి షెడ్‌లో పెడితే ఆ షాఫ్ట్ సీల్ ఎండిపోతుంది, అందుకే నెలకి రెండుసార్లన్నా స్టార్ట్ చేసి పది నిమిషాలు ఏసీ వేయండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో అప్పుడే తెలుస్తుంది కూడా.

థార్‌లు వేసుకుని వాగుల్లో తిరిగే తమ్ముళ్లకి కూడా ఇదే లెక్క, లో గేర్‌లో పాకుతుంటే గాలి ఉండదు, ఆర్పీఎం ఉండదు, కూలింగ్ తగ్గడం మామూలే. నీళ్లలోకి దిగే ముందు మాత్రం ఏసీ ఆపేయండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరుగుతూ నీళ్లని కొడితే రెక్కలు విరిగే ఛాన్స్ ఉంది.

లారీలకి అయితే 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే వాటిలో క్యాబిన్ ఏసీ ఉండాలని 2023 డిసెంబర్‌లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అది సరుకు రవాణా బండ్లకి, హార్వెస్టర్లు ట్రాక్టర్లు దాంట్లోకి రావు, కాబట్టి ఇక్కడ ఓనర్ దయ. ఏసీ వేస్తే డీజిల్ తాగుద్దంటారు. వంద హెచ్‌పీ ఇంజిన్‌లో కంప్రెసర్ లాగేది ఓ నాలుగైదు హెచ్‌పీ, మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక డ్రైవర్ దిగి చెట్టు కింద కూర్చున్న గంటల లెక్క మాత్రం ఎవరూ వేయరు. ఏసీ లేని మిషన్‌కి బయట ఏసీ కిట్ పెట్టించేవాళ్లు కండెన్సర్‌ని ఇంజిన్ పక్కన కాకుండా క్యాబిన్ టాప్ మీద, దాని సొంత ఫ్యాన్లతో పెట్టమని అడగండి, కింద పెడితే వేడి గాలే పీలుస్తుంది. గొట్టం కాస్త పొడుగు పడుతుంది, ఖర్చు కాస్త ఎక్కువ, ఇంకా గట్ల మీద చెట్ల కొమ్మలు తగలకుండా పైన ఒక గార్డ్ వేయించండి.